ఇరవైనాలుగో సంచిక పేజీల లెక్క

ఆ ఇంట్లో మూడువందల పదహారు కామిక్ పుస్తకాలున్నాయి. వాటిని చదివిన మనిషి ఒక్కరే. ఆ సంగతి ఆ ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇంటాయన సర్వే ఆఫీసులో గుమాస్తా. పుస్తకం కొన్న మరుక్షణం దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, నోటికి టేపు అంటించి, నంబరు చీటీ రాసి బీరువాలో నిలబెట్టేవాడు. "గాలి తగిలితే పసుపెక్కుతుంది. చెయ్యి తగిలితే జిడ్డెక్కుతుంది. ఇక చదివారా, దాని పని అయిపోయినట్టే" అనేవాడు. పెళ్లయిన కొత్తలో ఇల్లాలు ఒకదాన్ని అందుకోబోతే "చేతులు కడుక్కున్నావా?" అని అడిగాడు. తరవాత పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు కూడా ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు.

ఆమె డిగ్రీ చదివిన మనిషి. మూసి ఉన్న పుస్తకాన్ని చూస్తూ ఊరుకునే రకం కాదు. ఆయన ఆఫీసుకి వెళ్లాక, మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, వేడినీళ్లలో ముంచిన చెంచాను తుడిచి, దాని వీపుతో టేపును మెల్లగా లేపేది. రోజుకో పుస్తకం. చదవడం అవగానే టేపు మళ్లీ యథాస్థానం. కంచే చేను మేస్తోందని ఆసామికి ఏడాదిగా అనుమానమైనా రాలేదు. పైపెచ్చు ఇంటికొచ్చిన వాళ్లందరికీ "చూడండి, పదేళ్లయినా చెయ్యి పడలేదు" అని చూపించి మురిసిపోయేవాడు. పక్కన ఇల్లాలు నిమ్మకు నీరెత్తినట్టు టీ పోస్తూ ఉండేది.

వాటన్నిటిలో ఆమె ప్రాణాన్ని పట్టుకుని వేలాడుతున్నది 'నడిసముద్రపు దీపం' అనే సీరియల్. మొదటి సంచికలోనే దీపస్తంభం కాపలాదారు చనిపోతాడు. అయినా రోజూ చీకటి పడేసరికి పైన దీపం వెలుగుతూనే ఉంటుంది. ఎవరు వెలిగిస్తున్నారు? ఇరవైమూడు సంచికలు చదివింది. తేలలేదు. ఇరవైనాలుగోది, చివరిది, బీరువాలో లేదు. అది అరుదైనదట, హాల్లో అద్దాల పెట్టెలో తాళంలో ఉంది. తాళంచెవి ఆయన గుత్తిలో. పదిహేను రోజులుగా ఆమె అద్దం తుడిచే నెపంతో దాని అట్ట చూస్తోంది. ఆ అద్దం అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

ఆదివారం ఉదయం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కామిక్ సేకర్తల సంఘం అధ్యక్షుడు వస్తున్నాడు, సీరియల్ మొత్తం ఉన్నందుకు 'సంపూర్ణ' పత్రం ఇవ్వడానికి. పదేళ్ల కల.

అధ్యక్షుడు రిటైరయిన పశువుల డాక్టరు. ఇరవైనాలుగో సంచికను బల్ల మీద పడుకోబెట్టి, భూతద్దంతో వంగి చూశాడు.

"వెన్ను గట్టిగా ఉంది. చెవులు మడత పడలేదు. పిన్నులకి తుప్పు లేదు. ఆరోగ్యమైన ప్రాణి!"

ఇంకాసేపుంటే నాలుక చాపమంటాడేమో అనుకుంది ఇల్లాలు.

"పత్రం ఇచ్చాక కవరు మీద లక్క ముద్ర వేస్తాం. అది పగిలితే పత్రం చెల్లదు. ఇక జన్మలో తెరవకూడదు" అన్నాడాయన.

గుమ్మంలో ఇల్లాలు లెక్క వేసుకుంది. జన్మలో అంటే, ఆ దీపం ఎవరు వెలిగించారో తెలియకుండానే తను పోవాలన్నమాట.

"ముందు పేజీలు లెక్కపెట్టాలి, ఈ నెల నుంచే కొత్త నిబంధన" అన్నాడు అధ్యక్షుడు. "మన సభ్యులు ముట్టకూడదు. బయటివాళ్లెవరైనా కావాలి."

"పక్కింటాయన్ని పిలుస్తానుండండి."

"ఆయన అరచేతులకి ఎప్పుడూ చెమటేనండీ" అంది ఇల్లాలు గుమ్మంలోంచి. "నేను లెక్కపెడతాను. నాకు ముప్పైరెండు దాకా వచ్చు."

రెండుసార్లు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒకటి" అంది. చాలాసేపటికి "రెండు" అంది.

"ఏమోయ్, పేజీకింతసేపా?" అన్నాడు మొగుడు.

"రెండు అతుక్కుని ఉన్నాయేమోనని చూస్తున్నానండీ."

"తొందరపెట్టకయ్యా" అన్నాడు అధ్యక్షుడు. "ఇంత శ్రద్ధ మన సభ్యుల్లో ఒక్కడికి లేదు."

పందొమ్మిది దగ్గర ఆమె కనుబొమలు పైకి లేచాయి. "లెక్క తప్పింది. మళ్లీ పదిహేను నుంచి" అని వెనక్కి తిప్పింది. మొగుడు చల్లారిన టీ తాగాడు. అధ్యక్షుడు చిన్నగా గుర్రు పెట్టాడు.

ముప్పైరెండో పేజీలో మెట్లు, పైన అగ్గిపుల్ల వెలుగు, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి. చెయ్యి మాత్రమే. కింద చిన్న అక్షరాల్లో: ముగింపు ఇరవై అయిదో సంచికలో.

"సరిపోయాయామ్మా?" అని అధ్యక్షుడు లేచి లక్క వెలిగించాడు.

"సరిపోయాయి" అంది గానీ పుస్తకం చేతిలోంచి వదల్లేదు. నోరు మూసుకుంటే ఆయన కల ఈ పూటే తీరుతుంది. కానీ పత్రం గోడకెక్కాక ఇరవై అయిదోదాని కోసం ఎవరు వెతుకుతారు? మొగుడి ఇస్త్రీ చొక్కా వంక చూసింది. జాలేసింది. చేతిలోని పేజీ వంక చూసింది. జాలి తగ్గింది.

"ఏవండీ, ఇరవై అయిదోది ఎక్కడ పెట్టారు?"

"ఇరవై అయిదేమిటి? మొత్తం ఇరవైనాలుగే!"

"ఇక్కడ అచ్చేశారు మరి."

భూతద్దం చేతులు మారింది. ఇద్దరూ చదివారు. లక్క చుక్కలు చుక్కలుగా టీ సాసర్లో పడుతోంది.

"ఈ సీరియల్‌కి నేను పదకొండు పత్రాలిచ్చాను" అన్నాడు అధ్యక్షుడు నీరసంగా. "పన్నెండోది నాకు నేనే ఇచ్చుకున్నా."

"చివరి పేజీ ఎవరూ చూడలేదా అన్నయ్యగారూ?"

"చూడాలంటే తెరవాలి కదమ్మా!"

నెల రోజులు సంఘం సంఘమంతా వెతికింది. ఉత్తరాలు, ఫోన్లు, పాత పుస్తకాల దుకాణాలు. లాభం లేకపోయింది. చివరికి ఓ సాయంత్రం ఇంటాయన జుట్టు సగమే కత్తిరించి ఉండగానే ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో, రెండు వేళ్ల మధ్య, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు ఓ పుస్తకం.

"మన సెలూన్‌లో ఉందోయ్! పిల్లలు కదలకుండా కూర్చోడానికి ఇస్తాడట. పదేళ్లుగా నేను ఆ బెంచీ మీదే కూర్చుంటున్నా!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పుస్తకానికి అట్ట లేదు. మూల మీద పాలపళ్ల గాట్లు. పేజీల మధ్య రకరకాల మనుషుల వెంట్రుకలు. కబురందుకుని వచ్చిన అధ్యక్షుడు భూతద్దం జేబులోంచి తీయను కూడా తీయలేదు.

"బతకదు" అన్నాడు.

"పేజీలైనా లెక్కపెట్టాలి కదా" అని ఇల్లాలు కుర్చీ లాక్కుంది.

ఒకటి అయింది. రెండు అయింది. మూడో పేజీ దగ్గర మొగుడు కుర్చీ కొద్దిగా ఇటు జరిగింది. అధ్యక్షుడి కుర్చీ అటునుంచి జరిగింది.

"ఏమోయ్, కాస్త పైకి లెక్కపెట్టు."

ఆమె పైకి చదివింది. తుఫాను, పడవ, మెట్ల మీద అడుగుల చప్పుడు. సగం జుట్టుతో ఒకాయన, చల్లారిన టీతో ఒకాయన, నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇరవైతొమ్మిదో పేజీలో ఆ చెయ్యి తాలూకు మనిషి వెలుగులోకి వచ్చింది. చేతిలో అగ్గిపెట్టె, నడుముకి తడిగుడ్డ. కాపలాదారు ఇంట్లో గిన్నెలు తోమే ముసలావిడ.

"ఈవిడెవరు?" అన్నాడు అధ్యక్షుడు దిగ్భ్రమతో. "ఒక్క అట్ట మీదైనా లేదే!"

"అట్టల మీద లేదు అన్నయ్యగారూ. లోపలుంది. మొదటి సంచిక నుంచీ అదే మూల నిలబడి గిన్నెలు తోముతూనే ఉంది."

మొగుడు మెల్లగా బీరువా వైపు చూశాడు. తరవాత ఆమె వైపు చూశాడు.

"మొదటి సంచిక లోపల ఏముందో నీకెలా తెలుసోయ్?"

ఇల్లాలు పేజీ తిప్పింది.

"ముప్పై" అంది.