కొయ్యగుర్రం మీద కొలత

నిలబడి కొన్న ప్యాంటు కూర్చున్నాక పగ సాధిస్తుందని మేస్త్రి సిద్ధాంతం.

మోటారు సైకిళ్లు నడిపేవాళ్లకు జాకెట్లు, గ్లౌజులు, రైడింగ్ ప్యాంట్లు అమ్మే ఆ షాపులో ఆయన ఇరవై రెండేళ్లుగా టైలరు. వచ్చినవాళ్లంతా ప్యాంటు తొడుక్కుని తిన్నగా అద్దం ముందుకే పోతారు. అటు తిరిగి, ఇటు తిరిగి, కడుపు లోపలికి పీల్చి తమను చూసుకుని తామే మురిసిపోతారు. మేస్త్రి మెళ్లో టేపు వేసుకుని ఆ వేడుకంతా ఓపిగ్గా చూసి, "అయిందా అందాల పోటీ? ఇక ఇలా వచ్చి కూర్చోండి" అనేవాడు.

కూర్చోవడానికి షాపు మూల ఒక వాహనం ఉంది. పాత బండి సీటు, హ్యాండిలు, కాళ్లు పెట్టుకునే కడ్డీలు కలిపి ఒక కొయ్యచట్రానికి ఆయనే బిగించాడు. దాన్ని అందరూ కొయ్యగుర్రం అంటారు. దాని మీద కూర్చుని మోకాళ్లు మడిస్తే అద్దం దాచిపెట్టిన నిజాలన్నీ బయటపడతాయి. మోకాలి మీద ఉండాల్సిన ప్యాడ్ తొడ మీదికి ఎగబాకుతుంది. నడుం వెనక ప్యాంటు కిందికి జారుతుంది. తుంటి ఎముకను కాయాల్సిన ప్యాడ్ ముందుకు జరిగి గజ్జల్లో పొడుస్తుంది.

"ఒంటికి హాయిగా లేని ప్యాంటు నాలుగు రోజులు వేసుకుంటారు, ఐదో రోజు చిలక్కొయ్యకు తగిలిస్తారు. కిందపడేది చిలక్కొయ్య కాదు కదండీ, మీరు" అని నచ్చజెప్పేవాడు. తుంటి ప్యాడ్లు వేస్తే లావుగా కనబడతామని సణిగేవాళ్లకు ఇంకో మాట సిద్ధంగా ఉండేది. "తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. పళ్ల సంగతి నాకు తెలీదు. తుంటి సంగతి మాత్రం నాకొదిలేయండి." వాళ్లు నవ్వేసి ప్యాడ్లు ఉంచుకునేవాళ్లు.

తొమ్మిది నెలలుగా మేస్త్రి ఆ సామెత ఎత్తడం లేదు.

ఆయన పెద్దకూతురు ఆసుపత్రుల్లో తీసిన రక్తం శాంపిళ్లను బండి మీద ల్యాబుకు చేరవేసేది. రోజుకు ఎనిమిది గంటలు సీటు మీదే. ఒక ఉదయం సందులోంచి దూసుకొచ్చిన వ్యాను ఆమె బండిని పక్క నుంచి గుద్దింది. హెల్మెట్ తలను కాపాడింది. జాకెట్ మోచేతుల్ని కాపాడింది. ఆమె పడింది ఎడమ తుంటి మీద. నడుం ఎముక విరిగి లోపల రక్తం కారిపోయింది. ఊరందరి రక్తాన్నీ భద్రంగా చేరవేసిన పిల్ల పదకొండో రోజున పోయింది.

ఓనరమ్మ దగ్గర్నుంచి గోదాములో మూటలు మోసేవాళ్ల దాకా షాపులో అందరికీ ఆయన మేస్త్రిగారే. ఆ గడపలో "నాన్నా" అని కేకవేసిన గొంతులు రెండే రెండు. అందులో ఒకటి ఆగిపోయింది. రెండోది ఆ మధ్యాహ్నం వాన వెలిశాక లోపలికి వచ్చింది.

"నాన్నా, నాకో ప్యాంటు చూడు" అంది చిన్నది, తడిసిన చెప్పులు పట్టా మీద తుడుస్తూ.

అక్క చేసిన ల్యాబులోనే, అక్క చేసిన ఉద్యోగంలోనే సోమవారం నుంచి చేరుతోంది. ఆ సంగతి విన్న రోజు తల్లి పొయ్యి వెలిగించలేదు. మేస్త్రి వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. అన్నా వినే రకం కాదని తెలుసు. ఉన్న ఒక్క పిల్లనూ దక్కించుకోవడానికి తన చేతుల్లో ఉన్నది సూదీ దారమే కదా, ఆ పనైనా సరిగ్గా చేద్దామనుకున్నాడు.

తోలు ప్యాంటు చూసి, "ఎండలో ఉడికిపోతాను" అంది. జాలీ గుడ్డది ఆమె ముచ్చటపడితే ఆయన వద్దన్నాడు. "గాలి బాగానే ఆడుతుంది, రోడ్డు మీద రెండు గజాలు ఈడ్చుకుపోతే పీలికలే మిగుల్తాయి" అన్నాడు. చివరికి మోకాళ్ల పైనా, నడుం వెనకా సాగే గుడ్డ పట్టీలు ఉన్న నల్ల ప్యాంటు ఒకటి తీశాడు. ఆమె తొడుక్కుని వచ్చింది, అద్దం వైపు పోలేదు.

"ఎక్కు" అన్నాడు మేస్త్రి కొయ్యగుర్రాన్ని చూపించి.

"నన్ను మాత్రం ఎక్కిస్తావన్నమాట. అక్కను ఎక్కించలేదుగా?" చిన్నది నవ్వబోయి ఆగింది. "ప్యాంటు ఇంటికే తెచ్చిచ్చావు. అది ఎన్ని గొప్పలు పోయిందో! నా కొలతలు మా నాన్న కళ్లలోనే ఉంటాయి అని వీధంతా చెప్పుకుంది."

మేస్త్రి టేపు సరిచేసుకున్నట్టు తల వంచుకున్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్లందరినీ ఇరవై రెండేళ్లు కొయ్యగుర్రం ఎక్కించిన మనిషి, సొంత కూతుర్ని ఎక్కించలేదు. నా పిల్ల కొలత నాకు తెలియదా అనుకున్నాడు. ఇంట్లో గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ పిల్లను కంటితో కొలిచి ప్యాంటు పట్టుకెళ్లాడు. దీపం కిందే చీకటి.

చిన్నది కడ్డీల మీద కాళ్లు పెట్టి, హ్యాండిలు పట్టుకుని ముందుకు వంగింది. మోకాళ్లు చక్కగా కుదిరాయి. ఆయన వేళ్లతో ప్యాడ్ అంచు తడిమి, ఊపిరి వదలబోయాడు.

"ఇక్కడ పొడుస్తోంది నాన్నా."

అవే మాటలు. తుంటి ముందు వేలు పెట్టి చూపించిన చోటు కూడా అదే.

పెద్దది కూడా కొత్త ప్యాంటు వేసుకున్న వారానికి ఇలాగే వచ్చింది. ఆ పూట షాపులో ఊపిరాడనంత రద్దీ. తుంటి ప్యాడ్ ఉండే లోజేబును రెండు వేళ్లు కిందికి, ఒక వేలు వెనక్కి జరపాలి. లైనింగ్ విప్పి మళ్లీ కుట్టడమంటే పూట పని. ఆయన ఆ రెండు ప్యాడ్లూ లాగేసి, "ఇవాళ్టికి ఇలా పో, ఆదివారం తీరిగ్గా చేస్తా" అన్నాడు. "హమ్మయ్య! ఇప్పుడు హాయిగా ఉంది నాన్నా" అంటూ ఆమె గెంతుకుంటూ వెళ్లిపోయింది. ఆదివారం ఆయనకు కాళ్లు లాగాయి. పై ఆదివారం చుట్టాలొచ్చారు. మూడో ఆదివారం ఆయన గుర్తు చేస్తే, "ఇలాగే బాగుందిలే, పడుకో" అంది కూతురు. ఆయన పడుకున్నాడు. ఐదో ఆదివారానికి ఆ పిల్ల ఆసుపత్రిలో ఉంది.

"మోకాళ్లకు ఉన్నాయిగా, అవి చాల్లే. ఈ రెండూ తీసెయ్" అంది చిన్నది.

"తియ్యను!"

ఆ అరుపుకు కౌంటర్లో ఓనరమ్మ తలెత్తింది. ఇరవై రెండేళ్లలో ఆయన గొంతు అంత పైకి లేవడం ఆమె వినలేదు.

"ఎందుకలా అరుస్తావు? ఉండి మాత్రం ఏం లాభం?" చిన్నదానికి రోషం వచ్చింది. "అక్క ప్యాంటులో తుంటి ప్యాడ్లే లేవని అమ్మ చెప్పలేదా? ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సంచి విప్పితే లోజేబులు ఖాళీగా ఉన్నాయట. వ్యాను గుద్దగానే ఊడి ఎక్కడో పడ్డాయి. దెబ్బ తగిలినప్పుడు ఊడిపోయేవి పెట్టుకుని నేను రోజంతా పొడిపించుకోవాలా? నువ్వు తియ్యకపోతే దారిలో నేనే తీసి పారేస్తా."

పారేస్తుంది. పట్టుపట్టిందంటే ఆ పిల్ల అంతే. చెప్పకుండా ఉండిపోతే ఆయన పరువు దక్కుతుంది, పిల్లకు తండ్రి మిగులుతాడు. కానీ ఆ పిల్ల సోమవారం నుంచి ఖాళీ జేబులతో రోడ్డెక్కుతుంది. మేస్త్రికి అంతకన్నా ఆలోచించాల్సింది కనబడలేదు.

కుట్టుమిషను కింది సొరుగు లాగాడు. బొత్తాలు వేసుకునే రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. మెత్తటి గుడ్డలో చుట్టిన రెండు ప్యాడ్లు తెచ్చి చిన్నదాని ఒళ్లో పెట్టాడు.

"ఊడిపోలేదమ్మా. ఇవే అవి. నేనే తీశాను."

చిన్నదానికి వెంటనే అర్థం కాలేదు. ఆయన నిలబడే చెప్పాడు. తాను కంటితో కొలిచింది, వారానికి పెద్దది వచ్చి పొడుస్తోందన్నది, ఆదివారాలన్నీ చెప్పాడు. ఒక్క ఆదివారం కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె ఒక ప్యాడ్‌ను రెండు చేతుల మధ్య పెట్టి నొక్కుతూనే ఉంది.

"ఇవి ఉంటే అక్క బతికేదా?"

"డాక్టర్ని అడిగాను, ఒక్కణ్ణే వెళ్లి. బతికేదని చెప్పలేను, బతికేది కాదనీ చెప్పలేను అన్నాడు."

"అమ్మ తొమ్మిది నెలలుగా ఆ ప్యాంటు కంపెనీవాళ్లను దుమ్మెత్తిపోస్తోంది. వాళ్ల చేతులు పడిపోవాలని తిడుతోంది. నువ్వు పక్కనే కూర్చుని అన్నం తింటున్నావు."

"అవును."

"ఆ తిట్లన్నీ నీవే కదా."

"నావే. అందుకే ఆపలేదు."

చిన్నది చాలా మెల్లగా అడిగింది. "నేను తియ్యమంటే తియ్యనని అరిచావు. ఆ రోజు అక్కతో ఒక్కసారి ఇలా అరిచుంటే ఏమయ్యేది నాన్నా?"

ఈ ప్రశ్న మేస్త్రి తనకు తానే ఎన్నో వందలసార్లు వేసుకున్నాడు, జవాబు దొరికి ఉంటే ఇంతగా కుంగిపోయేవాడు కాదు.

ఆమె గుర్రం దిగలేదు. మళ్లీ హ్యాండిలు పట్టుకుని, గోడవైపు చూస్తూ ముందుకు వంగింది.

"కొలత తీసుకోండి" అంది.

ఆ "అండి" మేస్త్రికి వినబడింది. విననట్టే మోకాళ్ల మీద కూర్చుని, ఎముక ఎక్కడుందో వేళ్లతో వెతికి సుద్దతో గుర్తు పెట్టాడు. గీత వంకర పోయింది. చెరిపేసి మళ్లీ గీశాడు.

ప్యాంటు విప్పి ఇస్తూ ఆమె డబ్బాలోని ప్యాడ్లు కూడా ఇచ్చింది. "కొత్తవి తీసేసి ఇవి పెట్టండి" అంది. వెళ్లి గుమ్మం దగ్గర స్టూలు మీద, షాపుకు వీపు పెట్టి కూర్చుంది. ఇద్దరు కొనేవాళ్లు వస్తే ఓనరమ్మ రేపు రమ్మని పంపేసి, తలుపుకు "మూసి ఉంది" పలక తగిలించింది.

మేస్త్రి లైనింగ్ విప్పాడు. లోజేబు కుట్లు ఒక్కొక్కటే తెంపి రెండు వేళ్లు కిందికి, ఒక వేలు వెనక్కి జరిపాడు. ప్యాడ్ అంచు ఒరుసుకోకుండా చుట్టూ మెత్తటి గుడ్డ వేశాడు. మూలలు మూడేసి సార్లు కుట్టాడు. కళ్లు మసకబారినప్పుడల్లా మిషను ఆపి, భుజానికి తుడుచుకుని మళ్లీ తొక్కాడు. చేస్తున్నంతసేపూ ఒకటే లెక్క ఆయన గుండెలో కలుక్కుమంటూనే ఉంది. మొత్తం పని రెండు గంటల ముప్పావు పట్టింది. అంతే. ఏ ఆదివారమైనా మధ్యాహ్నం కునుకుకు ముందే అయిపోయేది.

ఆమె తొడుక్కుని వచ్చి గుర్రమెక్కింది. వంగింది, లేచింది, ఒక కాలు నేలకు ఆన్చి మళ్లీ ఎత్తింది.

"పొడుస్తోందా అమ్మా?"

"లేదు. హాయిగా ఉంది మేస్త్రిగారూ."

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా ఆయన సంతోషించేవాడే. షాపుకు వచ్చే ఎవరైనా అన్నట్టే అంది.

గుమ్మంలో ఆగి, వెనక్కి తిరగకుండానే మరో మాట చెప్పింది. "అమ్మకు నేను చెప్పను. మీరే చెప్పండి."

మేస్త్రి గుమ్మం దాకా వచ్చాడు. తడి రోడ్డు మీద చిన్నది బండి ఎక్కి, హెల్మెట్ పట్టీ బిగించి, ముందుకు వంగింది. వెనక్కి చూస్తుందేమోనని ఆయన ఆశపడలేదంటే అబద్ధం. చూడలేదు. ఆయన మాత్రం ఆమె తుంటి వైపే చూస్తూ నిలబడ్డాడు. నల్లగుడ్డ కింద చిన్న ఉబ్బెత్తు, ఎముక మీద, ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే ఉంది. బండి మలుపు తిరిగింది, ప్యాడ్ కదల్లేదు.