కోసేవాడి వాటా

జోయల్ ఖాళీ ఐసు పెట్టెలన్నీ బండికెక్కించి, ముందు సీటును తడిగుడ్డతో తుడిచాడు. తుడిచేకొద్దీ నీచువాసన లేచింది గాని తగ్గలేదు. రోజూ ఆ సీట్లో కూచునేది డ్రైవరు నియాజ్ ఒక్కడే. ఇవాళ మాత్రం జోయల్ భార్య ప్రసన్నకుమారి కూచోవాలి.

వడమాలపేట రోడ్డు పక్కన హబీబ్ సాయిబు చేపల కొట్టులో జోయల్ చేపలు కోసే మనిషి. పెళ్ళినాటి నుంచీ అదే పని, అదే చింతమొద్దు. కుడి బొటనవేలికి గోరు సగమే ఉంది. ఎంత రుద్దినా అరచేతి గీతల్లో పొలుసు ఇరుక్కునే ఉంటుంది. చర్చిలో ఎవరైనా చెయ్యి కలపబోతే ముందు ప్యాంటుకు తుడుచుకుంటాడు. గిరాకీలకు అతని పేరు తెలీదు. "చిన్న ముక్కలు కొట్టప్పా" అంటారు, అతను కొడతాడు.

ఆ రోజు పెరటాసి శనివారం. గోవిందుడి నెలలో సగం ఊరు నీచు ముట్టదు కాబట్టి కొట్టు మూత. ఆదివారం అమ్మకానికి బండి మాత్రం రేవుకు పోయి రావాలి. ఆ సందు చూసుకునే జోయల్ భార్యను బయల్దేరదీశాడు. ఆమె గుండె వాచిపోయిందనీ, ఆపరేషన్ తట్టుకోలేదనీ తిరుపతిలో పెద్ద డాక్టరు చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె సముద్రం చూపించమని అడిగింది. ఈ పండగ పోనీ, ఈ పండగ పోనీ అంటూ జోయల్ అన్ని పండగలూ పోనిచ్చాడు. ఇప్పుడామెను ఒక్కసారి ఒడ్డున కూచోబెట్టి, కడుపునిండా మంచి చేప తినిపించాలి. దేవుణ్ణి అతను అడిగింది అంతే.

బండెక్కి ఆమె ఒడిలో స్టీలు డబ్బా ఒకటి పెట్టుకుంది.

"ఏముండాది దాంట్లో?" అన్నాడు జోయల్.

"చింతపండు ముద్ద. మెంతిపొడి కలిపినా. ఆడ హోటలోళ్ళు సరిగ్గా వేస్తారో వెయ్యరో."

నియాజ్ నవ్వాడు. "అత్తా, సముద్రానికే పులుసు పెట్టేట్టుండావే!"

నాయుడుపేట దాటి, చవిటినేలలు దాటి బండి రేవు చేరింది. ఊరు చిన్నది. ఐసు మిల్లు, వలదారాలు అమ్మే కొట్టు, గవ్వల దండలు వేలాడదీసిన బంకు, తాటాకు పందిళ్ళ కింద చేపలు వేయించే హోటళ్ళు. ప్రసన్న చెప్పులు విడిచి తడి ఇసుకలో కూచుంది. వాచిన పాదాల మీదికి నీళ్ళొచ్చి పోయాయి.

"ఇంత సద్దు చేస్తాదని నువ్వు చెప్పనే లేదే!"

"నేను మాత్రం ఎప్పుడు సూసినా?" అన్నాడు జోయల్.

అంతలో ఒక పడవ ఒడ్డుకొచ్చింది. వేలం మొదలు కాకముందే పడవ మనిషి నిగనిగలాడే చేపలు కొన్ని ఏరి పక్కన గంపలో వేశాడు. అవెవరికని జోయల్ అడిగాడు.

"మా ఇళ్ళకి. కూరకి తీసినాకే వేలం. పట్టినోడు తినకపోతే ఎట్టా?"

కొట్టులో కట్టుబాటు వేరు. రోజంతా అమ్మగా మిగిలి, పొట్ట పగిలి, కన్ను మసకేసిన చేపే కోసేవాడి వాటా. దాన్నే ఇన్నేళ్ళూ సంచిలో వేసుకుని దొరలాగా ఇంటికి తెచ్చాడు. పక్కిళ్ళలో చారుమెతుకులైతే తన పెళ్ళాం సముద్రం చేప తింటోందని మురిసిపోయాడు కూడా. ఆ మురిపెం గుర్తొచ్చి ఇప్పుడు ఒళ్ళు మండింది.

హోటల్లో వంజరం వేపుడూ పులుసూ వడ్డించారు. ప్రసన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. చుట్టూ చూసి, హోటలామెను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"ఏమనుకోవద్దమ్మా, ఈ చేప చెడిపోయినట్టుండాది. వాసనే లేదు. మందు గాని పోసినారా?"

హోటలామె నడుం మీద చెయ్యి వేసుకుంది. "పొద్దున దిగిన చేప తల్లీ. వాసనొస్తేనే చెడినట్టు. మంచి చేప ఎప్పుడూ తిన్లేదా? మీ ఆయన ఏం పని చేస్తాడు?"

"చేపల కొట్లోనే," అంది ప్రసన్న, తల ఎత్తి.

హోటలామె జోయల్ వైపు చూసింది. అన్నం గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. జోయల్‌కు తల కొట్టేసినట్టయింది. ప్రసన్న డబ్బా మూత తీసి, రెండు వేళ్ళతో చింతపండు తీసి పులుసులో కలుపుకుంది.

"ఇప్పుడు చేప మాదిరుండాది," అంది. నాలుగు ముద్దలు తిని ఆయాసపడి, మిగిలింది అతని ఆకులోకి తోసింది. అతను ఆకు మడిచేశాడు.

తిరుగుదారిలో ఆమె అతని భుజానికి తల ఆనించింది.

"ఏమయ్యా, అలిగినావా?"

"లేదు."

"ఆయమ్మకేం తెలుసు. నువ్వు తెచ్చేదే బాగుంటాది."

తెలిసే అన్నదో, తెలీక అన్నదో. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది జోయల్‌కు. అడగబోయి, ఆమెకు గాలి కొట్టకుండా కిటికీ అద్దం ఎత్తాడు.

నాయుడుపేటలో నియాజ్ టీ కోసం బండి ఆపాడు. "ప్రసన్నా, టీ తాగుదువు లే" అని జోయల్ తల వంచి చూశాడు. ఆమె కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. ఇన్నేళ్ళూ చేపల కళ్ళు చూసి బతికినవాడు, అతనికి తెలిసిపోయింది. నియాజ్ తెచ్చిన గ్లాసు అందుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం సమాధుల తోట నుంచి వచ్చేసరికి నియాజ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. హబీబ్ సాయిబు పంపాడట, ఐసు కూడా కరగని వంజరం, నిండు చేప.

"ఇంటికి చుట్టాలొచ్చినారు గదా మామా, వండిచ్చమన్యాడు."

జోయల్ దాని కన్ను చూశాడు. అద్దంలా ఉంది.

"ఇది కోసేవాడి వాటా కాదబ్బా," అన్నాడు. "ఎత్తుకుపో."

నియాజ్ సీటు కింద దొరికిందంటూ స్టీలు డబ్బా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. జోయల్ మూత తీశాడు. చింతపండు ముద్ద మధ్యలో, ప్రసన్న రెండు వేళ్ళు తీసినంత మేర గుంట అలాగే ఉంది.