కొత్త తుంటితో ఇసిక్‌కుల్ అడుగుకి

తుంటి కీలు అరిగిపోయింది, మార్చక తప్పదు అని బిష్కెక్ డాక్టరు చెప్పగానే మా వదిన జూరకన్ అడిగిన మొదటి మాట, "మళ్లీ నీళ్లలోకి ఎప్పుడు దిగొచ్చు?" పక్కన కూర్చున్న మా అన్నయ్య తల పట్టుకున్నాడు.

డాక్టరు మాత్రం కంగారుపడలేదు. "లోపల పెట్టేది గట్టి లోహం. ఎంత లోతుకి వెళ్లినా నీటి ఒత్తిడికి అది నలగదు. నా బెంగంతా చుట్టూ ఉన్న కండ గురించే. అది బలపడేదాకా ఆగండి. మోకాలు పొట్ట దాకా ముడవొద్దు, కాలు లోపలికి మెలి తిప్పొద్దు. కీలు జారిందంటే మళ్లీ నా దగ్గరికే రావాలి."

"మీ మొహం మళ్లీ చూడకూడదనే నా కోరిక," అంది వదిన. ఆయన నవ్వాడు.

ఇసిక్‌కుల్ సరస్సు ఉత్తరపు ఒడ్డున మా ఊరు. ఒడ్డుకి కొంచెం దూరంలో, నీళ్ల అడుగున, ఎప్పుడో మునిగిపోయిన ఊరి గోడలున్నాయి. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని దిగి, ఆ గోడలు కొలిచి, దొరికిన కుండ పెంకుల జాడలు మ్యూజియం వాళ్లకు చెప్పడం వదిన పని. పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పటి నుంచి చేస్తోంది. పడుచుతనంలో గుర్రం మీద నుంచి పడ్డ దెబ్బ యాభై దాటాక ఆమెను పట్టుకుంది. చివరిసారి దిగినప్పుడు గోడ వారగా పెద్ద జాడీ మెడ కింది భాగం ఒకటి మట్టిలోంచి తేలి కనిపించిందట. దగ్గరికి వెళ్లేలోపు నొప్పి తన్నుకొచ్చి తిరిగి వచ్చేసింది. ఆ జాడీ సంగతి నమ్మినవాళ్లు తక్కువ.

ఆకులు రాలే రోజుల్లో ఆపరేషన్ అయింది. మా సరస్సు ఎంత చలికీ గడ్డకట్టదు కాబట్టి, చలికాలమంతా ఆమె చంకకర్రలతో నీటి అంచునే నడిచింది. తర్వాత ఒక కర్రతో. తర్వాత ఉత్త చేతులతో. ఆ పైన శానటోరియం ఈత కొలనులో రోజూ ఈదేది. కప్పలా కాళ్లు మడిచి తన్నే అలవాటు మానుకుని, కాళ్లు చాచి మెల్లగా పైకీ కిందికీ ఆడించడం నేర్చుకుంది. ఎన్నో ఏళ్ల అలవాటు ఊరికే పోదు. మొదట్లో ఒక్కోసారి కాలు దానంతటదే ముడుచుకోబోయేది, వెంటనే ఆపుకుని తనను తానే తిట్టుకునేది.

పక్కింటి కలీపా ఒకరోజు గోడ మీదుగా పలకరించింది. "తుంటిలో అంత ఇనుము పెట్టుకుని దిగితే రాయిలా మునిగిపోతావే."

"మునగడానికే కదా దిగేది," అంది వదిన. "ఇన్నాళ్లూ అందుకోసం నడుముకి సీసం కట్టుకున్నాను. ఇకనుంచి కాస్త తక్కువ కట్టుకుంటా."

అసలు అడ్డంకి ఇషెన్ దగ్గర వచ్చింది. ఇషెన్‌కి నీళ్లలో ఊపిరి తీయడం నేర్పింది వదినే. తోడబుట్టినవాడు కాకపోయినా అక్క వరసలో ఎజే అని పిలుస్తాడు. ఇప్పుడు మునకల బృందానికి పెద్ద అతనే. ఎవరు దిగాలో అతను చెప్పాలి.

"ఎజే, మీరు పడవలో కూర్చోండి. పైనుంచి చెప్పండి, మేం చేస్తాం," అన్నాడు.

"డాక్టరు దిగొచ్చన్నాడు."

"డాక్టరు నాతో పాటు దిగుతాడా? కింద నాకేమన్నా అయితే నన్ను పైకి తేవాల్సింది మీరు. తేగలరా?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. వదిన వాదించలేదు. "రేపు పొద్దున రేవు దగ్గరికి రా. స్పృహ తప్పినవాడిలా నీళ్లలో పడి ఉండు. కడుపు నిండా తిని రా, బరువుండాలి."

ఇషెన్ నిజంగానే కడుపు నిండా తిని వచ్చాడు. బట్టలూ సిలిండరూ అన్నీ వేసుకుని వెల్లకిలా తేలాడు, చెయ్యి కూడా కదపలేదు. వదిన అతని మెడ వెనక పట్టు దొరికించుకుని, కాళ్లు చాచి తన్నుతూ, మా పడవ నుంచి రేవు మెట్ల దాకా లాక్కొచ్చింది. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. మెట్ల దగ్గర వదిలి, "లే, చచ్చినవాడి పాత్ర బాగా చేశావు," అంది. ఇషెన్ మొహం తుడుచుకుని, "సరే. కానీ నేను మీ పక్కనే ఉంటా," అన్నాడు.

నీళ్లు చొరని సూటు వేసుకోవాలంటే నడుము బాగా వంచాలి. కాళ్లకు ఈత ఫిన్లు తొడుక్కోవాలన్నా అంతే. ఆమెకు అవి రెండూ కుదరవు. ఒకప్పుడు తన సామాను ముట్టుకున్నవాళ్ల చేతి మీద కొట్టిన మనిషి. మళ్లీ దిగే మొదటి రోజు పడవలో ఎత్తు పెట్టె మీద కూర్చుని కాలు చాచింది. "బురుల్, తొడుగు," అంది నాతో. నేను ఆమె మొహం వైపు చూశాను, చిన్నబోయిందేమోనని.

"ఏంటలా చూస్తావు? పడవ నువ్వు నడుపుతున్నావు, నేను నడపట్లేదు కదా. ఇదీ అంతే."

సిలిండర్‌ని తాడుతో నీళ్లలోకి దించాం. ఆమె దూకకుండా నిచ్చెన దిగి, నీళ్లలోనే దాన్ని వీపుకి తగిలించుకుంది. కాసేపు తేలి చూసుకుని, "ఎడమ పక్కకి ఒరుగుతున్నా," అంటూ నడుముకున్న సీసం ముక్క ఒకటి కుడి వైపుకి మార్చుకుంది. ఇద్దరూ మునిగారు.

నేను బుడగలు చూస్తూ కూర్చున్నాను. రెండు వరసలు గోడ వైపు సాఫీగా సాగాయి. తర్వాత ఆ రెండూ దగ్గరై ఒకటిగా కలిసి వెనక్కి మళ్లాయి. అనుకున్న దానికన్నా ముందే. తుంటి జారిందనే అనుకున్నాను. లోతు నుంచి వచ్చేవాళ్లు ఆగాల్సినట్టే, పైకి వచ్చే ముందు వాళ్లు నీళ్ల కిందే కాసేపు ఆగారు. చివరికి రెండు తలలు పక్కపక్కనే తేలాయి. ఇషెన్ నోట్లో ఉన్న గొట్టం వదినది.

"ఏమైంది?" అన్నాను.

"వీడి గాలి అయిపోవచ్చింది," అంది వదిన.

పడవ ఎక్కాక ఇషెన్ తల దించుకునే చెప్పాడు. కిందున్నంత సేపూ ఆమె కాలునే చూస్తున్నాడట. కాలు కాస్త ముడుచుకున్నట్టు అనిపిస్తే చాలు, కంగారుతో గబగబా ఊపిరి తీశాడట. తన గాలి మీటరు చూసుకోవడమే మరిచిపోయాడు. భుజం మీద వదిన తట్టి ముల్లు చూపిస్తే అప్పుడు తెలిసింది. ఆమె తన రెండో గొట్టం అతని నోటికి అందించి, చెయ్యి పట్టుకుని, తొందరపడకుండా పైకి తెచ్చింది.

"నా కాలు నేను చూసుకుంటా. నువ్వు నీ మీటరు చూసుకో," అంది.

"జాడీ?" అని అడిగాను.

"ఉంది. మూతి కూడా కనిపించింది. ఇంకో రెండు బారలు వెళ్తే చెయ్యి వేసేదాన్ని."

ఆ గొంతులో విచారమేమీ లేదు. రొట్టె తుంచుకుని తింటూ, ఎల్లుండి గాలి ఎటు వీస్తుందో నన్ను అడిగింది.

ఆ ఎల్లుండి ఇద్దరూ మళ్లీ దిగారు. ఈసారి ఇషెన్ మాటిమాటికీ మీటరు చూసుకున్నాడట, చూసుకున్నప్పుడల్లా ఆమెకు చూపించాడట. జాడీ నిజంగానే మనిషి నడుమంత ఎత్తుంది, ఒక పక్క మాత్రమే పగిలింది. వేసవిలో మ్యూజియం వాళ్లు దాన్ని పైకి తీసినప్పుడు అడుగున ఉండి తాళ్లు సర్దింది మా వదినే.

జాడీ ఒడ్డుకి చేరిన సాయంత్రం అందరూ వెళ్లిపోయారు, ఇషెన్ ఒక్కడే మిగిలాడు. నేను టీ పోస్తున్నాను. అతను ప్యాంటు పైకి మడిచి కుడి మోకాలు చూపించాడు. గుమ్మడికాయలా వాచి ఉంది.

"ఎప్పటి నుంచి?" అంది వదిన.

"రెండేళ్లు అవుతోంది. ఇంట్లో కూడా తెలీదు."

"అందుకేనా నన్ను పడవలో కూర్చోమన్నావు?"

ఇషెన్ తలూపాడు. "ఆపరేషన్ అయినా మీకు దిగడం కుదరకపోతే ఇక నాకు దారి లేదనుకున్నా, ఎజే. అది తెలుసుకోవడానికి ధైర్యం చాల్లేదు."

వదిన ఆ మోకాలిని బొటనవేలితో నాలుగు వైపులా నొక్కి చూసింది. అతను పళ్లు బిగించాడు. "కొయ్యాలో వద్దో చూసి చెప్పేది డాక్టరు. ఎటూ తొడ కండ కావాలి, అది నీకు బొత్తిగా లేదు. లే."

"ఇప్పుడా? టీ..."

"టీ ఎక్కడికీ పోదు."

నడుము లోతు నీళ్లలో అతన్ని అటూ ఇటూ నడిపించింది. తనూ నడిచింది. "మడమ ముందు ఆనించు. కుంటకు. నన్ను చూసి నడువు," అంటూ అతని కన్నా రెండడుగులు ముందే ఉంది. ఇషెన్ గొణుగుతూనే నడిచాడు. ఈలోపు టీ చల్లారిపోతే నేను మళ్లీ కాచాను.