గోడెక్కిన చేట

మా మరిది పెంచలకృష్ణ గొప్ప శిల్పి. నేనంటున్న మాట కాదు, నెల్లూరులో కట్టిన బ్యానర్ అంటోంది. ఆయన రాయి చెక్కడు, మట్టి తొక్కడు. జనం ఇళ్లలో పడున్న సామాను పట్టుకెళ్లి, దానికి నోరు తిరగని పేరు పెడతాడు. అంతే, అది శిల్పమైపోతుంది.

పోయిన వేసవిలో విడవలూరు దగ్గరున్న మా పల్లెకు కారులో వచ్చి, విరిగిన తెడ్డు, చిల్లులు పడ్డ చేపల బుట్ట, అటక మీది వెదురు చేట ఎత్తుకుపోయాడు. మా ఆయన మునెయ్య దగ్గరుండి డిక్కీలో సర్దాడు. తమ్ముడంటే అంత ప్రేమ! రేవులో చేపలు ఎండబెట్టుకుంటున్న నన్ను అడిగిన పాపాన పోలేదు.

అది బియ్యం చెరిగే చేట కాదు. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను మా ఇంట్లో ఆ చేటలోనే పడుకోబెడతాం. పొరుగింటావిడ పిడికెడు తవుడిచ్చి బిడ్డను కొంటుంది. కొని, మళ్లీ తల్లికే పెంచమని ఇస్తుంది. పరాయి సొత్తు కాబట్టి చావు దాని జోలికి రాదని మా నమ్మకం. నా కూతురు వినీలకు ఇద్దరు బిడ్డలు పోయారు. ఇప్పుడు మూడోది, గుప్పెడంత పిల్ల. రేపు పదకొండో రోజు పురుడనగా అటక మీద చూస్తే బూజు తప్ప ఏమీ లేదు.

"ప్లాస్టిక్ చేట తెస్తాలేవే," అన్నాడు మా ఆయన. అప్పుడే నా చేతిలో చీపురుండటం ఆయన ఖర్మ.

వినీల మాత్రం బావురుమంది. "ఇది గూడా పోతే నేను బతకనమ్మా. ఆ చేటే కావాల."

కృష్ణకు ఫోన్ చేశాను.

"వదినా, అదిప్పుడు చేట కాదు, 'శూన్యానికి ఊయల'. అమ్ముడుపోయింది గూడా. ప్రదర్శన అయ్యేదాకా గోడ మీంచి కదిలించకూడదు," అన్నాడు.

"సరే అబ్బయా. చేట రాకపోతే బిడ్డే వస్తది," అన్నాను.

మర్నాడు నేను, వినీల, పసిబిడ్డ, పొరుగింటి గురవమ్మ ఆటోలో నెల్లూరు ప్రదర్శనకు బయల్దేరాం. తవుడు గురవమ్మ కొంగున ముడేసుకుంది. హాల్లో ఏసీ, గాజు గ్లాసుల్లో పళ్లరసం. మా తెడ్డు ముందు ఒకాయన గడ్డం నిమురుకుంటూ తెగ ఆలోచిస్తున్నాడు. ఒక్క పూట దాంతో పడవ తోసి ఉంటే ఆలోచించే ఓపిక ఉండేది కాదు. మా చేటకు వార్నిష్ పూసి, పైన లైటు పెట్టి, పక్కన గోడ మీద ఎర్ర చుక్క అంటించారు.

స్టూలెక్కి చేటను దించాను.

"ముట్టుకోకూడదమ్మా!" అని వాచ్‌మన్ అరిచాడు.

"మేము ముట్టుకోబట్టే ఇన్నాళ్లుండాది, పో," అన్నాను.

పాత చీర పరిచి బిడ్డను చేటలో పడుకోబెట్టాం. గురవమ్మ తవుడు తీసి వినీల ఒళ్లో పోసింది.

"ఈ బిడ్డ నాది. నాకోసం పెంచుతావా?"

"పెంచుతా," అంది వినీల. నాకు ఏడుపు ఆగలేదు.

హాలంతా చప్పట్లు! ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు మహానుభావులు. ఒకావిడ "అద్భుతం" అంటూ కళ్లొత్తుకుంది. మా మరిది ఇదంతా తానే ఏర్పాటు చేసినట్టు చేతులు జోడించి అటూ ఇటూ వంగాడు. ఆ తెలివికి నాకు ఒళ్లు మండిపోయింది.

గురవమ్మ గోడ మీది ఎర్ర చుక్క కృష్ణకు చూపించి, "ఇదేందిరా?" అంది.

"అమ్ముడుపోయిందని గుర్తు పెద్దమ్మా."

ఆమె గోటితో ఆ చుక్కను పీకి, వాడి నుదుటి మీద అంటించింది.

"అట్టయితే ఇది నీకుండాల. మీ అన్న తర్వాత, నీకు ముందు మీ అమ్మకు ముగ్గురు పోయినారు. ఇదే చేటలో నిన్ను పడుకోబెడితే, పిడికెడు తవుడిచ్చి కొనింది నేను. నన్నడక్కుండా దీన్ని అమ్మేదానికి నువ్వెవుడివిరా?"

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. కృష్ణ ఈసారి వంగలేదు. కింద కూర్చుని, బిడ్డతో సహా చేటను రెండు చేతులా ఎత్తుకుని, ఆటో దాకా తనే మోసుకొచ్చాడు. నుదుటి మీది చుక్క మాత్రం తీయలేదు.