తిథుల ఫైలు

పాత కంప్యూటర్‌ని సాగనంపేటప్పుడు రియోసాయ్ గురువుగారు దానికి కూడా మంత్రం చదివారు. అరిగిన సూదులకీ విరిగిన బొమ్మలకీ మంత్రాలు చదివే బౌద్ధుల గుడి అది. పన్నెండేళ్ళు చాకిరీ చేసిన యంత్రానికి ఆ మాత్రం చదవకపోతే ఎలా? భార్య తోమియె అగరొత్తి వెలిగించింది. తీసుకెళ్ళడానికి వచ్చినవాణ్ణి నిలబెట్టి, తన కళ్ళ ముందే లోపలి డిస్కుకి నాలుగు చిల్లులు పొడిపించింది. ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లన్నీ అందులో ఉన్నాయి మరి, పరాయి చేతుల్లో పడకూడదు. జాగ్రత్త మనిషని ఆవిడకి పేరు.

తెర మీదున్నవన్నీ ముందురోజే పెన్‌డ్రైవ్‌లోకి లాగి, కొత్తదాంట్లో పెట్టేసుకుంది. ఆ బొమ్మలన్నీ కొత్త తెర మీద వరసగా కుదురుకుంటే, అరవై రెండేళ్ళకి ఈ విద్య కూడా అబ్బిందని లోలోపల మురిసిపోయింది. ఒక్కోదాని మూలన బుల్లి బాణం గుర్తు ఉంది. ముచ్చటగా ఉందనుకుంది.

డిసెంబరు ఇరవయ్యో తారీకున ‘తిథులు’ అన్న బొమ్మ నొక్కింది. వచ్చే ఏడు ఎవరికి మూడో ఏడాది, ఎవరికి పదమూడో ఏడాది కర్మ చేయాలో జాబితా రాసి, కొత్త సంవత్సరం ఉదయానికి గుడి గోడకి కట్టాలి. అరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ వచ్చి బుద్ధుడికన్నా ముందు దాన్నే చూస్తారు. పేరు లేకపోతే తమవాళ్ళని గుడి మరిచిపోయినట్టే.

ఆ ఫైలు దొరకలేదని తెర చెప్పింది. మళ్ళీ నొక్కింది. పదిసార్లు నొక్కాక, కంప్యూటర్ అమ్మిన షాపుకి ఫోన్ చేసింది.

“బాణం ఉన్నది ఫైలు కాదండి అమ్మగారూ. అసలుది ఎక్కడుందో దారి చూపించే చీటీ, అంతే. ఫైలు పాత మిషన్లోనే ఉంటుంది. అది ఇంట్లోనే ఉందిగా?”

“చిల్లులు పొడిపించానయ్యా,” అంది తోమియె.

“ఎన్ని?”

“నాలుగు.”

“ఒక్కటైనా సరిపోయేదండి,” అన్నాడతను, పాపం నెమ్మదిగానే.

గుడి కప్పు కారి పాత పేర్ల పుస్తకం కుళ్ళిపోతుంటే, మూడు చలికాలాలు కూర్చుని పేజీ పేజీ విడదీస్తూ ఆవిడ ఆ పేర్లన్నీ టైపు చేసింది. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు.

“యంత్రం చెడిపోయిందని చెబుదాం,” అన్నారు గురువుగారు.

“మంత్రం చదివి మరీ పంపారు కదండీ. చెడిపోయిందనడానికి నోరెలా వస్తుంది?”

మర్నాటి నుంచి మంచులో ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంటి పూజ అరలోనూ పోయినవాళ్ళ పేరూ తేదీ రాసిన కొయ్యపలకలుంటాయి. తప్పు నాది, ఒకసారి చూపించండి అని గుమ్మంలోనే తల వంచేది. ప్రతి గడపలోనూ సిగ్గుతో చచ్చిపోయింది.

“నలభై ఏళ్ళు కాపురం చేసీ మా ఆవిణ్ణి నేను వదిలించుకోలేకపోయాను. మీరు ఒక్క పూటలో వదిలించేశారే,” అన్నాడు కురాచి తాత. అని, పలకని చొక్కా చేతితో తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు. తోమియెకి ఏడుపు ఆగలేదు.

ముప్పయ్యో తారీకుకి ఇళ్ళన్నీ అయ్యాయి. సమాధుల మీద మంచు ఊడ్చి రాళ్ళ మీదివీ రాసుకుంది. చివరికి తోట మూలనున్న ఉమ్మడి రాయి దగ్గర ఆగిపోయింది. ఎవరూ లేకుండా పోయినవాళ్ళ అస్థికలన్నీ దాని కిందే ఉంటాయి. రాయి మీద పేర్లుండవు. వాళ్ళకి ఇల్లూ లేదు, పలకా లేదు. పేర్లు ఒక్క ఆ ఫైల్లోనే ఉండేవి. ఏడుగురో, తొమ్మిది మందో. తన వేళ్ళతో టైపు చేసిన పేర్లే, ఎంత తన్నుకున్నా ఒక్కటీ గుర్తు రాలేదు. గురువుగారికీ రాలేదు.

కొత్త సంవత్సరం ఉదయం జాబితా గోడకెక్కింది. జనం వచ్చి, తమవాళ్ళ పేర్ల మీద వేలు పెట్టి చూసుకుని, తృప్తిగా చేతులు జోడించారు.

“మా ఆవిడ ఉంది. ఒక్కరూ తప్పిపోలేదు. గట్టివారే అమ్మగారూ,” అన్నాడు కురాచి తాత.

తోమియె తల ఊపింది కానీ నవ్వలేకపోయింది. చీకటి పడేదాకా ఆ గోడ పక్కనే చలిలో కూర్చుంది. ఎవరో ఒకరు వచ్చి, ఉమ్మడి రాయి కింది మావాళ్ళ పేరేదని తనని నిలదీస్తే బాగుండునని. ఎవరూ రాలేదు.