అంకె లేని రెండు వారాలు

"చారు నీళ్లల్లే ఉందేంటే? ఇది కూడా కంప్యూటర్లోనే కాచావా?" అన్నాడు యేసుపాదం. రెబ్కా మొగుడి కంచం తీసి కడిగి, తన క్యారేజీ కట్టుకుని బస్సెక్కింది.

ఎనభై ఎనిమిదిలో ఆమె పనిచేసే పత్తి పరిశోధన కేంద్రానికి కంప్యూటర్ వచ్చింది. ఆఫీసరు ఆదెయ్యకు దాన్ని ముట్టుకోవాలంటే బెదురు. రెబ్కాయే పుస్తకం చూసి బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. సీజనంతా వారం వారం ఆకులు తిప్పి తెల్లదోమను లెక్కపెట్టింది ఆమే. ఇప్పుడా లెక్కలకు బొమ్మ గీసే ప్రోగ్రాం రాస్తున్నదీ ఆమే. వారానికో ఎత్తు, ఎత్తుల్ని కలుపుతూ గీత, గీత కింద అడుగుదాకా పచ్చటి పూత. దోమ ఎప్పుడెంత పెరిగిందో అక్షరం రాని రైతుకూ తెలియాలి.

ప్రోగ్రాం నడిపింది. వారం వారం పైకెక్కిన పచ్చపూత పదకొండో వారం దగ్గర నేలకు పడిపోయింది. రెండు వారాలకు అంకెల్లేవు. లేనిదాన్ని కంప్యూటర్ సున్నా అనుకుంది.

"దోమ చచ్చిందనుకుంటారమ్మా. అటూ ఇటూ చూసి మధ్యలో ఏదో అంకె వేసి కలిపెయ్యి" అన్నాడు ఆదెయ్య.

పదోవారం, పురుగుమందు తడి ఆరని చేలోకి దిగలేనంటే, "ఆడవాళ్లని తీసుకుంటే ఇదే గొడవ" అని దింపిందీ ఆయనే. ఇంట్లో చెప్పుకుంటే, "మా అమ్మ మిరప చేలోనే నొప్పులు పడి నన్ను కంది. నువ్వేమన్నా దొరసానివా?" అన్నాడు యేసుపాదం. అప్పటికి ఆమెకు ఐదో నెల. వారం తిరక్కముందే ఆస్పత్రిలో నర్సు ఏదో గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. ఆడో మగో చెప్పలేదు. సెలవు చీటీలో జ్వరమని రాశాడు మొగుడు. "ఎవరికీ చెప్పకు. చెబితే వచ్చేదేంటి?" అన్నాడు.

సున్నా వేస్తే అబద్ధం. కలిపేసినా అబద్ధమే. అంకె లేని వారానికి పూత వెయ్యొద్దని ప్రోగ్రాంలో ఒక వరస చేర్చింది. బొమ్మ నడుమ రెండు వారాల వెడల్పున ఖాళీ మిగిలింది.

"ఇదేంటని, ఈ లెక్కలు చూడ్డానికొచ్చే కమిటీ వాళ్లు అడిగితే? నీకు జ్వరమొచ్చిందని చెప్పనా?" అన్నాడు ఆదెయ్య.

"మీరేం చెప్పొద్దండీ. నన్ను పిలవండి. జ్వరం కాదు. మీరు దింపిన చేలోంచి వచ్చాక నా బిడ్డ పోయింది. వాళ్ల ముందు అదే చెబుతాను."

ఆదెయ్య తలెత్తి ఫ్యాను వంక చూశాడు. రెబ్కా అప్పుడు ఏడ్చింది. ఎవరు చూస్తున్నారని చూసుకోలేదు.