మెట్ల మీద పది నిమిషాల ఎండ

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, మన ట్రాఫిక్ కానిస్టేబులుగారు చేసే సాయం సరిగ్గా అలాంటిది. పాపం, ఆయన మనసు మాత్రం వెన్న. రెండు రోజులు సెలవు పెట్టి మరీ, భార్య కెమెరా సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాడు.

ఆవిడది పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో. పద్నాలుగేళ్ళుగా "గడ్డం కాస్త దించండి, నవ్వకండి" అనడమే పని. కాస్త తీరిక దొరికిందా, కెమెరా పుచ్చుకుని వీధిన పడుతుంది. అక్కడ మాత్రం ఎవరికీ ఏమీ చెప్పదు. ముందు ఓ గోడో, మలుపో, వెలుగు బాగా పడే చోటొకటి చూసుకుంటుంది. అందులోకి తనంతట తానుగా ఓ మనిషి నడిచొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలదు. పెద్ద ఫొటో ప్రదర్శనవాళ్ళు ఈసారి ఆవిడకో గోడ ఇస్తామన్నారు, పన్నెండు ఫొటోలు కావాలన్నారు. పదకొండు అయ్యాయి. పన్నెండోది గడువులోగా వెళ్ళకపోతే ఆ గోడ ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

ఆవిడ ఎంచుకున్న చోటు ఆయన డ్యూటీ చేసే కూడలి పక్కనే, కాలినడక వంతెన దిగే మెట్లు. పొద్దున్న ఎనిమిదింటికి కమ్మీల నీడలు వాటి మీద చారలు చారలుగా పరుచుకుంటాయి. అదీ పది నిమిషాలే. మొదటి రోజు ఆ పది నిమిషాలూ ఈ మహానుభావుడు ఏం చేశాడనుకున్నారు? మెట్ల పైకెక్కి, చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండాగండి! మా ఆవిడ ఫొటో తీస్తోంది" అని వచ్చేవాళ్ళందర్నీ ఆపేశాడు. ఆ గొంతుకి లారీలే ఆగుతాయి, మనుషులెంత?

ఎండ పోయాక చెమట తుడుచుకుంటూ కిందికొచ్చాడు. "చూశావా, ఈగని కూడా వాలనివ్వలేదు!"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "నా ఖర్మ! నాకు కావలసింది ఆ ఈగేనండీ! ఉత్త మెట్లు ఎవరిక్కావాలి?"

ఇంటికెళ్ళాక ఆయన్ని కూర్చోబెట్టి పదకొండు ఫొటోలూ చూపించింది. బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న నర్సు. ఎత్తయిన గోడకి రంగు వేస్తూ నోరారా పాడుకుంటున్న పెయింటరు. తన నీడని తొక్కకుండా దాటాలని చూస్తున్న చిన్న పిల్ల. అన్నీ ఆయనకి తెలిసిన వీధులే. "ఇరవై రెండేళ్ళు నడిరోడ్డు మీద నించున్నానే, వీళ్ళలో ఒక్కరూ నాకు కనబడలేదేంటే!" అన్నాడు. భార్యని చూస్తే గర్వంతో గుండె నిండింది, తనని తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడే గడువు, మళ్ళీ ఆ మెట్ల దగ్గరే నించున్నారు. జనం బిలబిలమంటూ గుంపుగా దిగుతున్నారు, ఒక్కరూ విడిగా దొరకడం లేదు. ఆవిడ మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది.

"తొందరపడకు," అన్నాడు ఆయన. "గుంపు పోయాక ఎప్పుడూ ఒకరు వెనకబడతారు. ఇరవై దాకా లెక్కపెట్టు." ఇది మాత్రం ఆయనకి కొట్టినపిండి.

పదిహేడు దగ్గర వచ్చింది ఓ పెద్దావిడ, మోకాలు పట్టేసి, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతూ. ఆయన గుర్తుపట్టాడు. రోజూ మెట్లు దిగాక పక్క రోడ్డుని అందరికన్నా నెమ్మదిగా దాటేది ఈవిడే. ఆ చారల వెలుగులో ఆగి, కమ్మీ పట్టుకుని కూడలి వైపు తొంగి చూసింది. చూసిందో లేదో, ముఖమంతా విప్పారింది. కెమెరా క్లిక్కుమంది.

పెద్దావిడకి ఒక్కదానికి ఆ రోడ్డు దాటడం కష్టమని ఆయన పరుగున వెళ్ళి చెయ్యి అందించాడు. ఒంటి మీద మామూలు చొక్కా ఉంది, పెద్దావిడ పోల్చుకోలేదు.

"చల్లగా ఉండు నాయనా! రోజూ ఇక్కడో రాక్షసుడుంటాడు. చెవులు చిల్లులు పడేలా ఈల ఊది పరిగెత్తిస్తాడు. వాడి ధర్మమా అని రెండుసార్లు పడ్డాను. ఇవాళ పైనించి చూద్దును కదా, వాడు నించునే దిమ్మె ఖాళీ! ప్రాణం లేచొచ్చిందనుకో."

ఆయన ఆవిణ్ణి జాగ్రత్తగా అవతల దింపి వెనక్కొచ్చాడు.

ఇక్కడ భార్య కాలు నేల మీద నిలవడం లేదు. "చూడండి! ఇలాంటి నవ్వు నాకింతవరకూ దొరకలేదు. దేన్ని చూసి నవ్విందో మహాతల్లి!"

ఆయన కెమెరా తెరలోకి తొంగి చూశాడు. నీడల చారల మధ్య ఆ ముఖం ఎంత బాగుందో. "నేను లేకపోవడం చూసి," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ కెమెరా దించేసింది. "అయితే వద్దులెండి. రేపు మీ పోలీసులంతా వచ్చి చూస్తారు, ఈవిడెందుకు నవ్విందని అడుగుతారు."

"వద్దంటావేంటి? పంపు." ఆయన కెమెరా సంచి మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. "ఆవిడ నవ్వగలదని నాకిన్నేళ్ళూ తెలీనే తెలీదు. ఎవరైనా అడిగితే, ఎందుకు నవ్విందో కూడా చెప్పెయ్."